చికెన్ ఫ్రైడ్‌రైస్: టీకా తాత్పర్య సహితం

ఆ.వె. నిన్న వండి యార్చి నిల్వయుంచిన కూడు
కోడిముక్క వేరు, గుడ్డు వేరు
పెద్ద మంటమీద పిడికెడేసి కలిపి
మూడు డబ్బలందు మూసిపెట్టు

ప్రతిపదార్థం: నిన్న = శనివారం రాత్రి; వండి = నీళ్లు పిసరంత తగ్గించి ఉడికించి; ఆర్చి = వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోనిచ్చి; నిల్వయుంచిన కూడు = రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న అన్నం; కోడిముక్క = ఎముక లేనిది, చిటికెనవేలి కొసంత; వేరు = విడిగా; గుడ్డు వేరు = అదీ విడిగానే; పిడికెడేసి = కొంచెం కొంచెంగా; మూడు డబ్బలు = సోమ, మంగళ, బుధవారాల లంచ్‌బాక్సులు.

తాత్పర్యం: ఆదివారం సాయంత్రం కాస్త ఒళ్లు వంచితే మూడు మధ్యాహ్నాలు క్యాంటీన్ మొహం చూడనక్కర్లేదు.

పాఠాంతరం: ‘వండి వార్చి’ అని కొన్ని ఇళ్లలో పాఠం. గణాలు చెడవు, యతి చెడదు, అన్నమూ చెడదు. గంజి పోతే మెతుకుకు మెతుకు అంటదు. కుక్కర్ సంప్రదాయంవారు దీన్ని ప్రక్షిప్తమంటారు. వాళ్లకు గంజి వార్చడం రాదన్నది అసలు సంగతి.

విశేషాలు: ‘కూడు’ అంటే బాస్మతియే అని ఒక వ్యాఖ్యాత. అంత ఖర్చు అనవసరం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, భేషుగ్గా పనికొస్తుంది. పాత బియ్యమై ఉండాలి, అంతే.

పద్యానికి ప్రాణం ‘నిల్వ’లో ఉంది. వేడన్నంలో పిండిపదార్థం మెత్తగా, జిగటగా ఉంటుంది. గరిటె పెట్టగానే ముద్ద. చల్లబడితే అదే గట్టిపడి, పైతడి ఆరి, మెతుకు మెతుకూ విడివడుతుంది. కాబట్టి ఇందులో నాయిక ఫ్రిజ్. పొయ్యి ఉత్త చెలికత్తె.

శంక: మరి రాత్రంతా గట్టుమీదే ఉంచితే?
సమాధానం: కూడదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. గది వేడిమిలో మొలకెత్తి అది వదిలే విషాల్లో ఒకటి ఎంత వేపినా పోదు. రెండు గంటల్లోపే అన్నం ఫ్రిజ్ చేరాలి. చద్దన్నాన్ని అడ్డం పెట్టుకుని వాదించేవారికి మనవి: అది నీళ్లలో పులిసే అన్నం, దాని శాఖ వేరు.

‘వేరు... వేరు’ అని కవి రెండుసార్లు అన్నది పాదపూరణకు కాదు. ఉప్పు, మిరియాలపొడి, చెంచాడు మొక్కజొన్న పిండి పట్టించిన ముక్కల్ని ముందు వేపి తీసేయాలి. పిండి పూత లోపలి తడిని కాపాడుతుంది. తర్వాత గుడ్డు కొట్టి, పొడిపొడిగా చేసి, అదీ తీసేయాలి. అన్నం చిటపటమన్నాకే మూడూ కలవాలి. మొదట ద్వైతం, చివర అద్వైతం. అన్నీ ఒకేసారి వేస్తే వచ్చేది ఉప్మా.

బండి దగ్గర మాస్టారు ఎనిమిది ప్లేట్లు ఒకే కడాయిలో ఎగరేయగలడు. అతని బర్నర్ హోరు వీధి చివరికి వినిపిస్తుంది. మన ఇంటి స్టవ్‌కు అంత దమ్ములేదు. కడాయి నిండితే అన్నం వేగదు, ఆవిరికి ఉడుకుతుంది. ‘పిడికెడు’ను మాత్రం రెండు ప్లేట్లదాకా సాగదీయవచ్చు.

మూలంలో సాసు లేదు. మూలంలో లేనిది రాయనని సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ఆయనకు ఫ్రైడ్‌రైస్ మీద వ్యాఖ్య రాసే అగత్యం రాలేదు. సోయా సాస్ అన్నం మీద కాదు, కాలే కడాయి అంచుమీద పోయాలి. అందులో ఉప్పుంటుందని మరవరాదు.

‘మూడు’ అన్నది యతి కోసమేనని వాదించేవారు శుక్రవారం డబ్బా మూత తీసి వాసన చూడవలసింది. వండిన కోడి ఫ్రిజ్‌లో నిలిచేది మూడు, నాలుగు రోజులే. మూడో డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టినవాడు మరింత పండితుడు.

‘మూసి’ అన్నది ఆవిరి తగ్గాకే. వేడిమీద మూతపెడితే ఆవిరి నీరై మళ్లీ అన్నంలోకే దిగుతుంది. అలాగని గట్టుమీద మరిచిపోకూడదు. ఇక్కడా ఆ రెండు గంటల గడువే. తినేనాడు చెంచాడు నీళ్లు చిలకరించి పొగలు కక్కేదాకా వేడిచేయాలి, అదీ ఒక్కసారే. ఉల్లికాడల తరుగు విడి పొట్లంలో వెళ్లాలి. కలిపిపెడితే మంగళవారానికి జిగురెక్కుతుంది. పక్క సీటువాళ్లకు పెట్టాలా వద్దా అన్నచోట కవి మౌనం వహించాడు. వ్యాఖ్యాతా అంతే.