తొంభై మూడు శాతం అభినయం

"మనం చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే. 38 శాతం గొంతు, 55 శాతం ముఖం." ఫ్యాక్టరీల్లో కుర్రాళ్లకు పని నేర్పే ట్రైనర్లను పదును పెడతామంటూ హోటల్ హాళ్లలో నడిపే తరగతుల్లో ఈ స్లైడు తిరక్కుండా పొద్దు గడవదు. హోసూరుకు ఇంతకన్నా శుభవార్త ఏముంది? ఇక్కడ తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడేవాళ్లూ, బీహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లూ ఒకే లైన్లో నిలబడతారు. మాట విలువ 7 శాతమే అయితే ఏ భాషలో చెప్పాలన్న తగువే లేదు. "బ్యాటరీ దగ్గర స్పానరు రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగలనివ్వొద్దు" అనే ముక్కను ట్రైనరు కనుబొమలతో చెప్పేస్తాడు, చివర్లో గట్టిగా ఓ కేక పెడతాడు. ఆ 'ఒకేసారి'ని కనుబొమలతో ఎలా పలకాలో మాత్రం స్లైడులో లేదు.

ఆ అంకెలు 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల నుంచి వచ్చినవి. విడి మాటల్ని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, పలికినవాడికి ఎదుటివాడంటే ఇష్టమో కాదో కనుక్కోమన్నారు. ఇష్టాయిష్టాలు కాని సంగతులకు ఈ లెక్క చెల్లదని తర్వాత ఆయనే చెప్పాడు. ఆయన మాటకూ 7 శాతమే విలువ దక్కినట్టుంది.

మరో స్లైడు పిరమిడ్. చదివితే 10, వింటే 20, చేస్తే 90 శాతం గుర్తుంటుందట. కింద అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరు. 1946లో డేల్ గీసిన శంకువులో ఒక్క శాతమూ లేదు. వింటే 20 శాతమే నిలుస్తుందన్న సంగతిని రోజంతా వినిపించే చెబుతారు. మరి చేయించేది? బెలూన్లు ఊదడం, కాగితపు కప్పులతో గోపురం కట్టడం. ఆటలంటే నాకు కోపం లేదు, కానీ బెలూను పగిలితే ఎవరి వేలూ కాలదు.

1980లో టీవీఎస్ 50 మోపెడ్ పుట్టిన ఊరు హోసూరు. ఇప్పుడు ఇక్కడ ఐక్యూబ్, ఏథర్ విద్యుత్ స్కూటర్లు తయారవుతున్నాయి. కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా ఫ్యాక్టరీ ఉంది. కార్బురేటరు విప్పి చూపించిన ట్రైనరే ఇవాళ లిథియం సెల్లు ఎందుకు వేడెక్కుతుందో చెప్పాలి. అది అతనికి ఎవరు నేర్పారు? అది నేర్చినట్టు సర్టిఫికెట్ ఎవరూ అడగరు.

శిక్షణ ఫలించిందో లేదో నాలుగు మెట్లలో చూడమని అమెరికా ప్రొఫెసర్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే చెప్పాడు: నచ్చిందా, నేర్చారా, పనిలో మార్పు కనబడిందా, సంస్థకు ఏమైనా ఒరిగిందా. మనవాళ్లు మొదటి మెట్టు మీదే చాప పరుచుకున్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో బిర్యానీకి 5కి 5.

హెచ్ఆర్ బాబులూ, వచ్చే ఏడాది ఆ హోటల్ హాలు డబ్బుతో మీ ట్రైనర్లతో బ్యాటరీ లైన్లో పని చేయించండి. ఆ తర్వాత, కుర్రాడు ఏ భాషలో సందేహం అడుగుతాడో ఆ భాషలో వాళ్లకు పరీక్ష పెట్టండి.