జీపు సీటు కింద స్పాంజి

నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేటట్లు చేసి, రాళ్లలోనూ బురదలోనూ వాగుల్లోనూ నడవడానికని తయారుచేసిన బండ్లను ముచ్చటపడి కొనుక్కునేవారిలో ఒక వైరుధ్యం తప్పక కనిపిస్తుంది. మోకాలిలోతు వాగు దాటుతుండగా బండిలోకి నీళ్లొస్తే ఆ సంగతిని ఏడాదిపాటు బంధువులందరికీ వర్ణించి చెప్పే పెద్దమనిషే, మామూలు వానలో టాపు కుట్టులోంచి ఒక్కొక్క చుక్కే జారి ఎడమ మోకాలిమీద పడుతుంటే భరించలేక, ఊరు చేరేలోపల బండిని, దాన్ని చేసినవాళ్లను, వానను వరసగా తిట్టిపోస్తాడు. పెద్ద కష్టం కోరి తెచ్చుకున్నది గనుక అది ప్రతాపం కిందికి వస్తుంది. చిన్న ఇబ్బంది పిలవకుండా వచ్చింది గనుక దానికి మర్యాద లేదు. చెప్పులో దూరిన రాయికీ చెవి దగ్గర ముసిరే జోరీగకూ ఒకే పద్యంలో చోటిచ్చిన వేమనకు ఈ మర్మం పూర్తిగా తెలుసు. డాష్‌బోర్డు కిర్రుమనడం ఆయన కాలానికి ఇంకా పుట్టలేదు కాబట్టి జాబితాలో చేరలేదు, అంతే. అయితే కరుకుదనాన్ని చూసి కొన్న బండిలో మెత్తదనం కోసం వెతుకుతున్నట్లు నలుగురికీ తెలియడం పరువుతక్కువ కాబట్టి, ఈ ఇబ్బందుల నివారణ అంతా గుట్టుగా, ఎక్కువగా ఆదివారం మధ్యాహ్నాలలో, గేటు మూసుకుని జరుగుతుంది.

ఈ ఇబ్బందులకు వంశచరిత్ర ఉంది. 1940 జూలైలో అమెరికా సైన్యం శత్రువు జాడ తీయడానికి పనికివచ్చే తేలికపాటి బండి కావాలని కంపెనీలను కోరినప్పుడు, నమూనా బండిని 49 రోజుల్లో అప్పగించాలనీ, బరువు సుమారు 590 కిలోలు మించకూడదనీ షరతులు పెట్టింది. బరువు షరతు ఎవరివల్లా కాక దాన్ని సడలించవలసి వచ్చింది గాని, డ్రైవరు నడుము గురించిన షరతేదీ ప్రధానమైనవాటిలో లేకపోవడంచేత ఆ విషయంలో సడలించవలసిన అవసరమే రాలేదు. ఆ కోరికలోంచి పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపులో పెట్రోలు ట్యాంకును డ్రైవరు సీటు కిందనే అమర్చారు కాబట్టి, పెట్రోలు పోయించుకోవాలంటే డ్రైవరు దిగి, తాను కూర్చున్న మెత్తను ఎత్తి, మూత తీయవలసి వచ్చేది. వాన పడితే అద్దం మీది వైపర్‌ను చేత్తోనే ఆడించాలి. తలుపులు లేవు గనుక తలుపు సందులోంచి గాలి కొడుతోందన్న ఫిర్యాదుకు తావే లేదు. 1944లో లూయీ బ్యూయీ అనే అమెరికా వైద్యుడు, తోకఎముక దగ్గర వెంట్రుకలు చర్మంలోకి చొచ్చుకుపోయి చీముగడ్డ కట్టే జబ్బుకు ‘జీపు వ్యాధి’ అని పేరుపెట్టి వైద్యపత్రికలో వ్యాసం రాశాడు. యుద్ధకాలంలో ఆ జబ్బుతో సుమారు 80 వేలమంది అమెరికా సైనికులు ఆసుపత్రుల పాలయ్యారు. జీపుమీద మోపిన నేరాన్ని తరవాతి వైద్యులు కొంత తగ్గించారు గాని పేరు నిలిచిపోయింది. ఒక బండి పేరు ఒక జబ్బుకు పెట్టవలసి వచ్చిందంటే ఆ సీటు గురించి వేరే సాక్ష్యం అక్కరలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మహీంద్రా కంపెనీ ఆ విల్లీస్ జీపులనే బొంబాయిలో బిగించడం మొదలుపెట్టాక, దాని సంతానం దశాబ్దాలపాటు పోలీసు స్టేషన్లకూ అటవీశాఖకూ తాలూకా ఆఫీసులకూ చేరింది. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ దారుల్లో మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే కమాండర్ అనే రకం జీపుల డ్రైవర్లు సీటు విషయంలో ఋషితుల్యులు. తమ సీటులో కూడా ఒకరిద్దరికి చోటిచ్చి, తాము సగం నడుముతో బండి బయటికి వేలాడుతూ ఘాట్ రోడ్డు మలుపులు తిప్పగలిగిన వారికి, సీటు గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్న ప్రశ్నే అసంగతం. అసలు సీటులో పూర్తిగా కూర్చునే భాగ్యం ఉన్నవాడికే సీటుతో పేచీ.

ఆ పేచీకి మొట్టమొదటి మందు స్పాంజి. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఏ చిన్న ఊరి బస్టాండు పక్కనైనా సీట్లు కుట్టే దుకాణంలో అడిగితే కొబ్బరిపీచు, ఫోమ్, రెక్సిన్ అన్నీ దొరుకుతాయి, సలహా ఉచితం. ఇక్కడే శాస్త్రం ఒక కొంటెపని చేస్తుంది. కూర్చున్న మనిషి శరీరం కిందినుంచి పైకి వచ్చే కుదుపుల్లో, సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే కుదుపుకు అన్నిటికంటె ఎక్కువగా ఇబ్బంది పడుతుంది. పొట్ట, నడుము ఆ లెక్కకే జతకలిసి ఊగుతాయి. దీన్ని అనునాదం అంటారు, అంటే వస్తువుకు స్వతహాగా ఉన్న ఊపు లెక్కతో బయటినుంచి వచ్చే ఊపు లెక్క కలిసి, ఆ వస్తువు ఊగడం పెద్దది కావడం. మామూలు ఫోమ్ సీటు మనిషి బరువు కింద సెకనుకు దాదాపు 4 సార్లు ఊగే దగ్గరే కుదుపును తగ్గించకపోగా పెంచుతుంది. అంటే ఎంతో ఆశతో వేయించుకున్న మెత్తటి దిండు, పొట్టకు ఏ కుదుపు పడదో ఆ కుదుపునే ఏరి, పెంచి మరీ వడ్డిస్తుంది. పైగా గోతిలో పడ్డప్పుడు స్పాంజి పూర్తిగా అణిగిపోయి, కింద ఉన్న ఇనుము తన ఉనికిని నేరుగా తెలియజేస్తుంది. ఈ సంగతి తెలిసిన పాతకాలపు సీటు మేస్త్రీలు పీచును దట్టంగా కూరి పైన మాత్రం పలచని స్పాంజి వేస్తారు. యజమాని బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగా ఉందని పెదవి విరిచి, ఇంకో అంగుళం మెత్తదనం కావాలని పట్టుబడతాడు. ఆ అంగుళంవల్ల తల టాపు కమ్మీకి తగలడం మొదలవుతుంది. అప్పుడు కమ్మీకి చుట్టడానికి మరో స్పాంజి కొంటారు.

ఎడమకాలి సమస్య ఇంకా సున్నితమైనది. క్లచ్ తొక్కడం అయిపోయాక ఆ పాదం పెట్టుకోవడానికి కార్లలో పక్కన ఒక వాలుబల్ల ఉంటుంది. ఏమీ పనిచేయదు కాబట్టి ఇంగ్లీషువారు దాన్ని డెడ్ పెడల్ అన్నారు. ఈ జాతి బండ్లలో చాలావాటికి ఆ స్థలాన్ని గేరుబాక్సు గుబ్బ ఆక్రమించి, అంతటితో ఆగక ఎండాకాలంలో కాలిని వేడి కూడా చేస్తుంది. పోవడానికి చోటులేని పాదం తిరిగి క్లచ్ మీదికే చేరి కునుకు తీస్తుంది, కొన్నాళ్లకు క్లచ్ బేరింగు అరిగి గోలపెడుతుంది. వడ్రంగిచేత చెక్కించిన టేకుముక్కను నేలకు బిగించుకోవడం దీనికి ప్రసిద్ధమైన చిట్కా. స్క్రూలు వదులైతే ఆ ముక్క క్లచ్ కిందికి జారి దాన్ని పూర్తిగా తొక్కనివ్వదు గనుక, నిజంగా జాగ్రత్తపడవలసిన చిట్కా ఇది.

శబ్దాల విషయానికి వస్తే, అది ఒక జీవితకాలపు పరిశోధన. శబ్దాలు రెండు తెగలు: రెండు వస్తువులు ఒకదానికొకటి అతుక్కుని, జారి, మళ్లీ అతుక్కుంటూ చేసేది కిర్రు, వదులుగా ఉన్నది దేనికో తగిలి చేసేది టకటక. ఈ రెండూ నిర్దిష్టమైన వేగంలో, నిర్దిష్టమైన రోడ్డుమీద మాత్రమే వినిపించి, మెకానిక్ బండి ఎక్కగానే మౌనవ్రతం పట్టడం లోకవిదితం. యజమాని ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో డాష్‌బోర్డును నాడి చూస్తాడు, భార్యను వెనకసీట్లో కూర్చోబెట్టి ‘కుడివైపేనా, సరిగ్గా విను’ అంటాడు, జాకీ రాడ్డుకు పాతగుడ్డ చుడతాడు, నంబరు ప్లేటు వెనక సైకిల్ ట్యూబు ముక్క పెడతాడు, సీటుబెల్టు కొక్కేన్ని అనుమానిస్తాడు. ఒక శబ్దం దొరికినరోజు ఇంట్లో పండగే. అయితే పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని కప్పివేస్తుందనేది ధ్వనిశాస్త్రంలో తిరుగులేని సూత్రం కాబట్టి, పెద్దది ఆగిన మరుక్షణం అంతకాలం దాని చాటున హాయిగా దాక్కున్న ఇంకొకటి బయటపడి, కొత్త ఉద్యోగంలో చేరినంత శ్రద్ధగా మోగుతుంది. ఈ లెక్కన బండిలో శబ్దాలు తగ్గవు, మనిషి చెవి సూక్ష్మమవుతుంది.

వీటన్నిటిలోకీ చవకైన మందు టైర్లలో గాలి కొంచెం తగ్గించడం. ఇసుకలో దిగేవారు 15–18 పీఎస్‌ఐ దాకా, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి దాకా దింపుతారు. తారురోడ్డు మీదికి తిరిగి రాగానే గాలి మళ్లీ కొట్టించుకోవడం తప్పనిసరి. ఊళ్లో తిరిగేటప్పుడు కూడా, గట్టిగా కొట్టించిన గాలిని కంపెనీ చెప్పిన అంకెకు దించితే చాలు, కమాన్ కట్టలు, అంటే బండిని మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు, సగం పేచీ మానేస్తాయి. ఖర్చేమీ లేదు గనుక ఈ మందును ఎవరూ నమ్మరు.

బండి అమ్మే రోజు వచ్చినప్పుడు ఈ గుట్టంతా మరోసారి పనిపెడుతుంది. కొనవచ్చినవాడు బానెట్ ఎత్తి చూసి ‘అంతా ఒరిజినలేనా?’ అని అడుగుతాడని ముందే ఊహించి, యజమాని ముందురోజు రాత్రి గేటు మూసుకుని టేకుముక్క, కమ్మీ స్పాంజి, ట్యూబు ముక్కలు, పాతగుడ్డలు ఒక్కొక్కటే ఊడదీసి బస్తాలో వేస్తాడు. మర్నాడు బండి నిఖార్సైన కర్కశత్వంతో కిర్రుమంటూ కొత్త యజమాని వెంట వెళ్లిపోతుంది, అతడు ఆ మోతను సింహగర్జనగా భావించి బేరం కూడా పెద్దగా ఆడడు. బస్తా మాత్రం అటకెక్కి కూర్చుంటుంది, ఎందుకంటే అమ్మినాయన అప్పటికే ఇంకో జీపుకు బయానా ఇచ్చి ఉంటాడు.