చివరి గడి

ఆ పరిశోధక విద్యార్థి చేతిలోని కాగితంలో ఏడు గడులున్నాయి. శ్రామిక గేయాలు, జోలపాటలు, పెళ్ళి పాటలు, భక్తి గీతాలు, వీరగాథలు, శోక గీతాలు. ఏడోది ఇతరములు. ఒక పాటకు ఒక్క గడిలోనే టిక్కు పెట్టాలన్నది నియమం.

నియమంలో తప్పు లేదు. బిరుదురాజు రామరాజు లాంటి పెద్దలు పోగుచేసి పెట్టిన జానపద గేయాలకు లెక్క లేదు. వాటిని ఏదో ఒక వరసలో సర్దకపోతే తర్వాత వచ్చినవాడికి కావలసిన పాట దొరకదు.

మొదటి రోజు ఉదయగిరిలో గడిచింది. కొండ కింద ఒక అరుగు మీద చెక్క గరిటెలు చెక్కుతున్న పెద్దాయన పీర్ల పండగ పాట పాడాడు. పాట తెలుగులోనే ఉంది. విద్యార్థి భక్తి గీతాల గడిలో టిక్కు పెట్టాడు. రామనవమి కోలాటానికీ ఇదే వరస అనీ, మాటలు మాత్రం మారతాయనీ పెద్దాయన చెప్పాడు. అదీ భక్తే కాబట్టి టిక్కు మార్చాల్సిన పని పడలేదు.

మర్నాడు ఆత్మకూరులో బస్సు దిగి, ఆటోలో సోమశిల దారిన ఒక ఊరికి వెళ్ళాడు. అక్కడ పాటలు బాగా వచ్చిన అవ్వ ఒకామె ఉందని ఎవరో చెప్పారు. వెళ్ళేసరికి ఆమె వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చునుంది. మునిమనవణ్ణి కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని పాడుతోంది. అతను చప్పుడు చేయకుండా ఫోన్లో రికార్డు చేశాడు. పాట అయ్యేసరికి బిడ్డ నిద్రపోయాడు. జోలపాటల గడిలో టిక్కు పడింది.

మాటలు రాసుకుందామని పాటను మళ్ళీ పెట్టి విన్నాడు. అందులో ఊయల లేదు, చందమామ లేదు. నారు కట్టలున్నాయి. వంగిన నడుములున్నాయి. గట్టు మీద నిలబడి తొందరపెట్టే మేస్త్రి ఉన్నాడు.

అప్పుడు ఆమె చెయ్యి చూశాడు. బిడ్డ వీపును అరచేత్తో తట్టడం లేదు. బొటనవేలు, పక్కన రెండు వేళ్ళు దగ్గరికి చేర్చి వీపు మీద ఆనిస్తోంది, తీస్తోంది. ప్రతిసారీ చెయ్యి బెత్తెడు వెనక్కి జరుగుతోంది. నడుము దాకా వచ్చాక మళ్ళీ మెడ దగ్గర మొదలుపెడుతోంది. బురదలో నారు గుచ్చుకుంటూ వెనక్కి నడిచే చెయ్యి అది.

"అవ్వా, ఇది నాట్ల పాట కదా?"

"నాట్లదే అబ్బయ్యా."

"మరి బిడ్డకు పాడుతున్నావే?"

"నాకు వచ్చింది అదే. వాడు నిద్రపోయినాడు గదా."

జోలపాటల టిక్కు కొట్టేసి శ్రామిక గేయాలకు మార్చాడు. పాట ఏ ఊరిదో కూడా రాయాలి. ఏ ఊరి పొలాల్లో పాడేవాళ్ళని అడిగాడు. ఆమె పేరు చెప్పింది. ఫోన్లో మ్యాపు తీసి వెతికితే ఆ పేరు రాలేదు. ఆమె చెయ్యి చూపించిన దిక్కుకు జరిపితే తెరంతా నీలంగా ఉంది.

అది సోమశిల జలాశయం. పెన్నకు అడ్డంగా కట్టారు. 1975లో పని మొదలైంది. 78 టీఎంసీల నీళ్ళు పడతాయి. కట్ట నెల్లూరు జిల్లాలో ఉంది. మునిగిన ఊళ్ళు కడప జిల్లావి.

"ఆడ రొండెకరాలు కౌలుకు చేస్తాంటిమి" అందామె.

అతను పెన్ను పట్టుకుని శోక గీతాల గడి దగ్గర ఆగాడు.

"ఆ ఊరు గుర్తొచ్చి పాడుకుంటావా అవ్వా?"

"గుర్తుకొచ్చేదేముంది అబ్బయ్యా, మొన్నమొన్నటిదాకా నాట్లకు కూలికి పోతాంటి. ఈడ కాలవలో వచ్చేది ఆ డ్యాం నీళ్ళే గదా. మేం చేసిన మడిని ముంచిన నీళ్ళు ఈ మళ్ళకు పారతాండాయి. ఈ మళ్ళల్లో నాటేటప్పుడు కూడా ఇదే పాట పాడతాంటిమి. నవ్వుకుంటానే పాడతాంటిమి."

విద్యార్థి చాలాసేపు కాగితం వైపే చూశాడు. తర్వాత శ్రామిక గేయాల టిక్కు కూడా కొట్టేసి, ఏడో గడిలో పెట్టి, కాగితం మడిచాడు.

"ఏమని రాసుకున్యావు?" అని అడిగిందామె.

"ఏ గడిలోనూ ఇమడలేదవ్వా. ఇతరములు అని పెట్టాను."

ఆమె బిడ్డ మీద వాలిన ఈగను తోలింది.

"ఊరు ఖాళీ చేయించి పరిహారం రాసుకునేటప్పుడు మా కౌలోళ్ళందర్నీ ఆ గడిలోనే పెట్టినారు అబ్బయ్యా. ఆ గడిలో ఉన్నోళ్ళకు ఏమీ రాలా."