తోక మీద ఒక పేరు, టికెట్టు మీద ఒక పేరు

ఒరే అబ్బీ, కువైట్‌కు టికెట్టు తీసినానని ఫోన్ తెచ్చి చూపించినావే, దాంట్లో పైన ఎయిర్ ఇండియా అని పెద్దగా ఉంది. నువ్వు వేలితో జరిపితే కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో పేరు కనపడింది, నడిపేది ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అని. "రెండూ ఒకటేలే జేజినాయనా" అన్నావు. ఒకటే అయితే రెండు పేర్లు ఎందుకురా?

మా రోజుల్లో కువైట్‌కు పోవాలంటే సింహాద్రిపురంలో ఎర్రబస్సు ఎక్కి ముద్దనూరుకు పోయి, ఆడ బొంబాయి రైలు పట్టుకునేవాళ్లం. మా అమ్మ కట్టిచ్చిన ఊరిబిండి గుంతకల్లు దాటకముందే సగం అయిపోయేది. బొంబాయిలో ఒక ఊరోని గదిలో పదిమందిమి పడుకునేవాళ్లం. టికెట్టు చేతికొస్తే అది చిన్న పుస్తకం మాదిరి ఉండేది. కాయితాల వెనక ఎర్ర కార్బను, పట్టుకుంటే వేళ్లకు అంటేది. ఆ ఎర్రమరక కడుక్కోబుద్ధి అయ్యేది కాదు. 2008 జూన్ నుంచి ఆ కాయితం టికెట్లే లేకుండా చేసినారు. నాది మాత్రం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.

అప్పట్లో మాకు టికెట్టు మీద ఏ పేరో విమానం తోక మీదా అదే పేరు. 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు కువైట్ మీద పడినప్పుడు మేము బస్సుల్లో ఎడారి దాటి అమ్మాన్ చేరినాము. అక్కడికి ఎయిర్ ఇండియా విమానాలు వరసగా వచ్చినాయి. రెండు నెలల్లో లక్ష మందికి పైగా ఇంటికి చేర్చినారు. చీర కట్టుకున్న ఒక అమ్మాయి నాకు నీళ్లు పోసి, నా ముఖం చూసి మళ్లీ పోసింది. ఆ గ్లాసు చల్లదనం ఇప్పటికీ నా చేతిలో ఉంది. ఎవరి విమానం అని అడగాల్సిన పనే లేకపోయె.

తర్వాత మొదలైంది ఈ పిల్ల కంపెనీల గోల. 1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు అలయన్స్ ఎయిర్ పెట్టినారు. 2005 ఏప్రిల్‌లో తిరువనంతపురం నుంచి అబుదాబికి ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ఎగిరింది. జర్మనీలో లుఫ్తాన్సా అంతటిది కూడా 2013 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ తప్ప మిగతా ఊళ్ల నుంచి పోయే దగ్గరి దారులను జర్మన్‌వింగ్స్ అనే చౌక పిల్లకు అప్పజెప్పింది. తల్లి నడిపితే ఖర్చెక్కువ, పిల్ల నడిపితే తక్కువ, అంతే లెక్క. చౌక విమానం అంటే కూర్చునే సీటుకొక రేటు, మూటకొక రేటు, అన్నానికొక రేటు. చీనీకాయల అంగట్లో కూడా ఇంత బేరం ఉండదు.

మా చిన్నోడు ఒకసారి ఇట్లాంటి ప్రయాణంలోనే ఇరుక్కున్నాడు, ఏ కంపెనీయో చెప్పను. మూట రాలేదు. టికెట్టు అమ్మినోళ్లను అడిగితే నడిపినోళ్లను అడగమన్నారు, నడిపినోళ్లు అమ్మినోళ్ల మీదికి తోసినారు. అత్తాకోడళ్ల మధ్య ఆకలిగొన్నోని పాట్లే. మూటలో వాడి పెండ్లాం చేసిన కజ్జికాయలు ఉన్నాయి, తొమ్మిదో దినం వచ్చేసరికి బూజు పట్టినాయి.

ఇది గుర్తు పెట్టుకో. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది, కువైట్ అంతకుముందే చేరింది. దాని ప్రకారం టికెట్టు అమ్మినోళ్లనైనా, నడిపినోళ్లనైనా నష్టం అడగొచ్చు. తోసేస్తే ఊరుకోవద్దు. మూట రాకపోతే విమానాశ్రయం దాటకముందే కాయితం రాయించుకో.

నిజం చెప్పాలంటే నా టికెట్టుకు మా నాయన చెలక తాకట్టు పెట్టినాడు, విడిపించేసరికి నాలుగేండ్లు పట్టింది. ఆ నాలుగేండ్లలో మా అమ్మను ఒక్కసారి చూసినాను. నువ్వు ఏడాదికి రెండుసార్లు వస్తాండావు, నీ బిడ్డ నిన్ను గుర్తుపడతాంది. ఆ చౌక రెక్కలు లేకపోతే అదీ లేదు, ఒప్పుకుంటా. అయినా అబ్బీ, తల్లి పేరు చెప్పి టికెట్టు అమ్మితే తల్లే నడపాల.

రేపు ఎక్కేముందు తోక మీద ఏం రాసుందో చూసి ఫోన్ చెయ్యి. ఊరిబిండి డబ్బా మాత్రం చేతిసంచిలో పెట్టుకోవద్దు, తీయించేస్తారు. పెద్దమూటలో పెట్టు.