గంటోపాఖ్యానం

అష్టాదశ వర్ణనలు కుదిరితేగానీ ప్రబంధం కాదన్నారు లాక్షణికులు. రాజమహేంద్రవరంలో పుట్టినవాడు ఆ మాటను తేలిగ్గా తీసిపారెయ్యలేడు. రాజరాజనరేంద్రుడు అడగడం, నన్నయ భారతానికి పూనుకోవడం ఈ ఊళ్లోనే జరిగి వెయ్యేళ్లు కావస్తోంది. నేటికీ గోదారి గట్టు మీద ఎవరైనా ఆవులిస్తే అందులో గణాలు లెక్కపెట్టేవాడొకడు పక్కనే ఉంటాడు. అందుకని, చదువుకున్న బడి చూద్దామని ఏళ్లూపూళ్లూ గడిచాక ఊళ్లో దిగిన మన నాయకుడి కథను ఆ మర్యాదతోనే చెప్పుకోవాలి. ధీరోదాత్తుడేమీ కాడు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని బయల్దేరినవాడు.

పురవర్ణన క్లుప్తంగా కానిద్దాం. నాలుగు వంతెనలను నాలుగు పేటల మొలనూలుగా ధరించిన అఖండ గోదావరి ఎదురైంది. వాటిలో వయసులో పెద్దది హేవలాక్ వంతెన. 1900 నుంచి రైళ్లను మోసి మోసి, 1997లో ఆ భారం కొత్త ఆర్చి వంతెనకు అప్పగించి, అంపశయ్య మీది భీష్ముడల్లే నీళ్లలో నిలబడిపోయింది. మధుపాన ఘట్టం కోటగుమ్మం దగ్గర, కోవా కలిపిన రోజ్‌మిల్కుతో పూర్తయింది. నాయకుడికి షుగరు లేదు గనక ఇక్కడ కథకు విఘ్నం కలగలేదు. ఉద్యానవనం బడి గేటు పక్కనే దొరికింది: కడియం నర్సరీ నుంచి వచ్చిన క్రోటన్ కుండీలు, ఒకదాంట్లో ఎవడో పాతిపెట్టిన రీఫిల్లు.

చిక్కల్లా కరుణరసంతో వచ్చింది. కూలిన గోడలు చూసి గద్గదుడవుదామని రుమాలు ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చుకున్నాడు నాయకుడు. 2019 చివర్లో మొదలైన నాడు–నేడు పనులు ఈ బడిదాకా వచ్చేశాయి. నేల నిండా టైల్సు, గదిగదికీ ఫ్యాన్లు, నల్లబల్లకు బదులు ఆకుపచ్చ బల్ల, తిప్పితే నీళ్లొచ్చే కుళాయి! చెప్పుకు ఏడవడానికి పెచ్చూడిన గోడ ఒక్కటీ దక్కలేదు. తన బాల్యాన్ని తన అనుమతి లేకుండా బాగుచేశారన్న కినుక ఆయన ముఖంలో స్పష్టంగా కనబడింది.

"ఏం కావాలండీ? టీసీ కోసమాండీ?" అన్నాడు అటెండరు.

"కాదండి. ఇక్కడే చదువుకున్నాను. ఊరికే చూసిపోదామని."

"ఆయ్, పాత విద్యార్థులాండీ! అయితే బీరువా ఇప్పిద్దామనా, కుర్చీలాండీ?"

ప్రత్యుత్తరం తోచక నాయకుడు తలెత్తాడు. అప్పుడు దర్శనమిచ్చింది, వేపకొమ్మకు వేలాడుతూ.

ఉపాధ్యాయ నిద్రాభంగంబును, ఆలస్యగామి హృదయవిదారకంబును, లెక్కల పీరియడున యుగాంతమునకైనను మ్రోగనిదియు, ఆటల పీరియడున రెప్పపాటున మ్రోగునదియు నగు లోహఖండంబు. అనగా బడిగంట. అనగా మూరెడు రైలుపట్టా ముక్క. ఒళ్లంతా తుప్పు, దెబ్బ తగిలేచోట మాత్రం పావలాబిళ్లంత మేర వెండిమెరుపు. పైన బోల్టు కన్నంలోంచి దూర్చిన గొలుసు ఒరుసుకుని ఒరుసుకుని ఆ కన్నం కోడిగుడ్డు ఆకారానికి సాగింది. అది హేవలాక్ వంతెన నుంచి ఊడిపడ్డ పట్టాయేనని ఆయన తరగతి ఇతిహాసం. వంతెన మీద రైళ్లు అప్పటికింకా నిక్షేపంగా నడుస్తున్నాయన్నది ఆ ఇతిహాసానికెప్పుడూ అడ్డురాలేదు.

దాన్ని కొట్టే కడ్డీ ఆఫీసుగదిలో బీరువా వెనక ఉండేది. గాండీవానికైనా జమ్మిచెట్టే దిక్కయింది, దీనికి తాళం వేసే గది! క్లాసు ఫస్టు వచ్చినా, హెడ్మాస్టారికి టీ తెచ్చినా ఆ కడ్డీ చేతికిచ్చినవాడు లేడు.

"కొడతారాండీ?" అన్నాడు అటెండరు, టైము చూసుకుని. "అన్నం గంటేలెండి."

నాయకుడి భుజాలు ఉప్పొంగాయి. కళ్లజోడు సవరించుకున్నాడు. దిక్కులు చూసి, పాదం ముందుకు పెట్టి కొట్టాడు. టిక్కుమంది.

"పప్పులో ఉప్పేసినట్టు కాదండీ. గట్టిగా వెయ్యండి!"

రెండో దెబ్బకు ఠంగుమంది. వేపచెట్టు మీది కాకులు లేచాయి, గొలుసు గిర్రున తిరిగింది, నాయకుడి మోచెయ్యి జివ్వున లాగింది. మూడోది కొట్టేలోపే గదులన్నీ ఒక్కసారిగా బద్దలై అక్షౌహిణులు వచ్చిపడ్డాయి. స్టీలు కంచాలే డాళ్లు, గ్లాసులే గదలు, ఉడికిన గుడ్డే విజయలక్ష్మి. లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకు వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి పేరు 2024లో ఈ బడిభోజనానికి పెట్టారు. ఆ మహాతల్లి గరిట ముందు చక్రవర్తులైనా వరసలో నిలబడాల్సిందే.

నాయకుడు సరిగ్గా ఆ వరసకు అడ్డంగా ఉన్నాడు.

"తాతగారూ, జరగండి! లేపోతే వెనక్కెళ్లి లైన్లో రండి!" అంది రెండు జడల సేనాని ఒకతె, కంచం అడ్డంపెట్టి.

జరిగాడు. అటెండరు ఆయన చేతిలో కడ్డీ భద్రంగా తీసుకుని, తువ్వాలుతో తుడిచి చంకన పెట్టుకున్నాడు.

"హెడ్మాస్టారు రేపుంటారండీ. బీరువా సంగతి ఆయనతోనే మాట్టాడెయ్యండి."