కుర్చీ మేడెక్కే ముహూర్తం

మెట్లు ఎక్కడానికీ దిగడానికీ అని ఇల్లు కట్టిన ఇంజనీరు అనుకుంటాడు. సామాను పెట్టుకోవడానికని కాపురం చేసేవాళ్ళకి తెలుసు. విజయవాడలో మా డూప్లెక్సు ఇంటి మెట్లమీద కింది నుంచి పైకి వరసగా చెప్పులు, పాత పేపర్ల కట్ట, ఉల్లిపాయల బుట్ట, మనీప్లాంటు, ఎవరి పెళ్ళిలోనో ఇచ్చిన రిటర్న్ గిఫ్టుల సంచి, ఇస్త్రీకి వెళ్ళాల్సిన మూట, ఇస్త్రీ నుంచి వచ్చిన మూట కొలువుతీరి ఉంటాయి. మిగిలిన చోట మనుషులు కాలు మోపుతారు. సంక్రాంతికి బొమ్మలకొలువు కూడా అక్కడే. ఆ మూడు రోజులూ దశావతారాలని దాటుకుంటూ మేడెక్కాలి.

ఆ మెట్లకీ మా అత్తయ్య మోకాళ్ళకీ పడకుండా పోయింది. ఆపరేషన్ చేయించుకోమన్నారు డాక్టరుగారు. "దేవుడిచ్చిన మోకాళ్ళు దేవుడికే అప్పజెబుతాను, మధ్యలో మీ చేతుల్లో పెట్టను" అని వచ్చేసింది ఆవిడ. పోనీ కింద గదిలోకి మారమంటే అంతకన్నా కోపం. మేడమీది బాల్కనీలో కూర్చుంటేనే కదా, ఏ ఇంటికి ఏ పార్సిల్ వచ్చిందో, ఎవరి కోడలు ఎన్నింటికి తలుపు తీసిందో తెలిసేది! కింద గది కిటికీలోంచి కనిపించేది మా ప్రహరీగోడ ఒక్కటే. వీధి బాధ్యత మొత్తం మోస్తున్న మనిషిని కిందికి దించడం మా వల్ల కాలేదు. కాబట్టి మెట్లకి లిఫ్టు పెట్టించడమే మార్గమని మా ఆయన తేల్చారు. మెట్లవెంట ఓ ఇనుప పట్టా, దానిమీద నడిచే కుర్చీ.

కొలతలకి ఓ కుర్రాడు వచ్చాడు. వస్తూనే మెట్లని వేళ్ళకణుపులతో తట్టి చూశాడు. పట్టాని గోడకి కాదు, మెట్లకే బిగిస్తారట. గ్రానైటు కింద సిమెంటు సరిగ్గా పట్టక బోలుగా ఉంటే డ్రిల్లింగు దెబ్బకి పలక పగులుతుంది. మా మెట్లలో ఒకటి బోలుగా మోగింది. ఇల్లు కట్టిన మేస్త్రిని అత్తయ్య ఆ క్షణం దాకా పొగుడుతూనే ఉంది.

తిన్నగా ఉన్న మెట్లకైతే పట్టా దాదాపు సిద్ధంగానే ఉంటుంది, పొడవు చూసి కోసి ఒక్క పూటలో బిగించేస్తారు. మా మెట్లేమో సగం ఎక్కాక చదునులో వెనక్కి తిరుగుతాయి. వంపు ఉంటే పట్టాని ఆ ఇంటికోసమే కొలిచి వంచాలి. అందుకు వారాలు పడుతుంది, ధర కూడా వంపు తిరుగుతుంది. అది వినగానే మా ఆయన, "పోనీ కింది సగానికి మాత్రం పెడితేనో?" అన్నారు. "అంటే నన్ను మధ్యలో దించేసి పోతావన్నమాట" అంది అత్తయ్య. ఆ బేరం అక్కడితో ఆగింది.

తర్వాత వాస్తు సిద్ధాంతిగారు. మెట్లు నైరుతిలో ఉన్నాయి, అక్కడ బరువు పెరిగితే మంచిదే అని ఇనుప పట్టాకి ఆశీర్వాదం ఇచ్చారు. అత్తయ్య వదల్లేదు. "కుడికాలు ముందు పెట్టి ఎక్కాలంటారు కదండీ, కూర్చుని ఎక్కేదానికి ఏ కాలు ముందు?" ఆయన కుర్రాడి వైపు చూశారు. "రెండు కాళ్ళూ ఒకేసారి పాదాలపలక మీద పెట్టాలి మామ్మగారూ" అన్నాడు వాడు. శాస్త్రంలో ఆ సంగతి లేదు కాబట్టి దోషం కూడా లేదని తేలింది.

మావయ్యగారి ఫొటోది ఇంకో కథ. దండతో సహా మెట్ల గోడకి ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి భుజానికి తగులుతుంది, తీసేయాలన్నాడు కుర్రాడు. అత్తయ్య ఏమంటుందోనని అందరం ఊపిరి బిగబట్టాం. "బతికినన్నాళ్ళూ నా దారికి అడ్డమే. ఇప్పుడైనా కాస్త తప్పుకోమనండి" అంది. ఫొటో హాల్లోకి మారింది, టీవీకి ఎదురుగా. ఆయనకీ అదే ఇష్టం.

డ్రిల్లింగు తేదీ ఆవకాయ రోజుల్లో పడింది. గ్రానైటు పొడీ ఆవపిండీ ఒకే ఇంట్లో ఉండడానికి వీల్లేదని అత్తయ్య తీర్పు. జాడీలు పక్కింటికి వలస వెళ్ళాయి, సోఫాలు పాత దుప్పట్ల కింద దాక్కున్నాయి, ఎలక్ట్రీషియను వచ్చి మెట్ల దగ్గర ఓ ప్లగ్గు పెట్టాడు. కరెంటు పోతే మధ్యలో వేలాడాలా అని అత్తయ్య భయం. అక్కర్లేదు, కుర్చీ నడిచేది బ్యాటరీ మీద. పట్టా చివర్లలో ఆగినప్పుడు అదే చార్జి అవుతుంది. అడ్డం ఏదైనా తగిలితే తనంతట తానే ఆగిపోతుంది. పిల్లలు ఆడుకోకుండా తాళంచెవి, పడిపోకుండా బెల్టు ఉంటాయి. "చీర పట్టాలో పడకుండా కొంగు దోపుకోండి మామ్మగారూ" అన్నాడు కుర్రాడు. కొంగు దోపుకోవడం ఆవిడకి నేర్పిన మగవాడు వీడొక్కడే.

మెట్లెక్కే కుర్చీ నిన్నా మొన్నటి వింత కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా వాడు సి.సి. క్రిస్పెన్ 1920లలోనే ఇలాంటిది తయారుచేశాడు. అంతకుముందు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కాళ్ళు పనిచేయని రోజుల్లో నౌకర్లు తాళ్ళతో లాగే కుర్చీమీద మెట్లెక్కేవాడని చరిత్రకారుడు డేవిడ్ స్టార్కీ 2009లో చెప్పాడు. రాజుగారి మాట చెప్పి అత్తయ్యని ఒప్పించబోయారు మా ఆయన. "ఆరుగురు పెళ్ళాల వాడితో నాకు పోలికేంట్రా?" అని కొట్టిపారేసింది.

ఇల్లంతా సిద్ధం, కూర్చోవలసిన మనిషి మాత్రం కాదు. ముసలివాళ్ళెక్కే కుర్చీ నాకెందుకని పేచీ. డెబ్భై దాటినవాళ్ళు ఎదుటివాళ్ళ ముసలితనాన్ని చూసినంత స్పష్టంగా తమది చూడరు. అప్పుడు మా అమ్మ ఫోన్ చేసింది. "వదినగారికి వద్దంటే చెప్పండి, మా ఇంటికి పట్టుకుపోతాం. మావి తిన్నటి మెట్లే." స్పీకర్ ఆన్‌లో ఉంది. ఆ సాయంత్రానికల్లా అత్తయ్య మంచిరోజు చూడమంది. వియ్యపురాలి మాటకున్న శక్తి ఏ బ్యాటరీకీ లేదు.

మొదటి సవారీకి కొబ్బరికాయ కొట్టి, కుర్చీకి బొట్టు పెట్టాం. సెకనుకి 15 సెంటీమీటర్లకు మించి వేగం ఉండకూడదని ఈ కుర్చీలకి యూరప్‌లో నిబంధన. మాదీ అంతే నిదానం. ఆ నిదానంలో ఉన్న ప్రమాదం ఎవరూ ఊహించలేదు. మెట్లెక్కే మనిషి మెట్లనే చూసుకుంటుంది. కూర్చుని తేలిపోయే మనిషి ఇంటిని చూస్తుంది. "అమ్మాయ్, ఫ్యాను రెక్కలమీద దుమ్ము." ఇంకాస్త పైకి. "షోకేసు నెత్తిన ఏంటది, ఉగాది నాటి మామిడాకులా?" వంపు తిరిగింది. "ట్యూబ్‌లైటు వెనక బల్లి సంసారం పెట్టింది." పైకి చేరేసరికి నాకు వారానికి సరిపడా పని తయారైంది. ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు ఎక్కుతుందో, ఎన్నిసార్లు దిగుతుందో లెక్కలేదు.

ఇల్లు కట్టించుకునేవారికి ఓ మాట. ముప్ఫై ఏళ్ళ మోకాళ్ళతో ప్లాను గీయించుకుంటాం, డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో అందులో ఉంటాం. వీలైతే మెట్లు తిన్నగా, వెడల్పుగా కట్టించండి. మొదటి మెట్టు దగ్గరో, ఆఖరి మెట్టు దగ్గరో ఓ ప్లగ్గు పెట్టించండి. మిగిలిన గ్రానైటు ముక్కలు పారేయకండి, రేపు మెట్టు పలక పగిలితే పనికొస్తాయి. కింద ఓ పడకగది, పక్కనే బాత్రూము ఉంచండి, దాని కిటికీ మాత్రం వీధి వైపే ఉండాలి. మోకాళ్ళకి వాస్తు చూసే సిద్ధాంతి ఇంకా పుట్టలేదు, అది మనమే చూసుకోవాలి.