ఎస్‌ఓపీలో ‘పారడైమ్’ పంట

నరసరావుపేటలో బీటెక్ ముగించి అమెరికా ఎమ్మెస్‌కు ఉరికే కుర్రాడికి వీసా కన్నా ముందో గండం ఉంది. దాని పేరు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌ఓపీ). ఏం చదువుతావు, ఎందుకు చదువుతావు అని యూనివర్సిటీ అడుగుతుంది. మనవాడు ‘హెటరోజీనియస్ ఎకోసిస్టమ్‌లో స్కేలబుల్ పారడైమ్’ అంటాడు. అంటే ఏంటి నాయనా అంటే అది రాసిచ్చిన కన్సల్టెన్సీ వైపు చూస్తాడు.

చెప్పుకోవడానికి సొంత కథ లేక కాదు. 2021లో నల్ల తామర పురుగు పల్నాడు మిరప తోటల్ని ఊడ్చేసింది. గురజాల దగ్గర నాన్న చేలో పూత ఫొటోలు తీసి, పురుగును పసిగట్టే ప్రోగ్రామ్ రాసినవాడూ ఉండొచ్చు. వ్యాసంలో మాత్రం ఆ ముక్క ఉండదు. మిరప ఘాటు అమెరికా దాకా కొడుతుందని భయం కాబోలు!

ఒకప్పటి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ ఓపెన్‌హైమర్ సరిగ్గా ఇలాంటి ప్రవేశ వ్యాసాలనే తీసుకున్నాడు. తేలిక మాటలు పీకేసి, థెసారస్ నుంచి పొడుగు మాటలు దించి చదివించాడు. మాట బరువెక్కేకొద్దీ ‘సీటివ్వొచ్చు’ అన్న అభిప్రాయం తగ్గింది. దీనికే 2006లో ఆయనకు, నవ్విస్తూ ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ సాహిత్య బహుమతీ వచ్చింది.

అల్గారిథమ్ పేరు చెప్పాల్సిన చోట చెప్పాల్సిందే, దాన్నెవరూ కాదనరు. చిక్కల్లా మిగతా పేజీతోనే.

ఇంతలో మాచర్ల నుంచి ఇంకో కుర్రాడు కన్సల్టెన్సీకి వస్తాడు. వ్యాసం సిద్ధంగానే ఉంటుంది. యూనివర్సిటీ పేరు మారిస్తే చాలు. ఒక్కోసారి అదీ మరిచిపోతారు.